లినక్స్ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ నిలవడం లేదా? సరిదిద్దుకోవాలా, కార్డు మార్చాలా, డాంగిల్ కొనాలా?

పాట మధ్యలో హెడ్‌ఫోన్లు మూగబోతాయి. ల్యాప్‌టాప్ మూత తెరిచాక మౌస్ కదలదు. నిన్న కనిపించిన అడాప్టర్ ఈ రోజు సెట్టింగుల్లోనే ఉండదు. మూడింటికీ జనం చెప్పే కారణం ఒకటే: లినక్స్‌లో బ్లూటూత్ అంతే. వెంటనే వచ్చే సలహా కూడా ఒకటే: డాంగిల్ (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న బ్లూటూత్ పరికరం) కొనుక్కోండి. ఆ సలహా పాటించి, డాంగిల్ పెట్టాక కూడా అదే బాధ పడుతున్నవారు చాలామంది ఉన్నారు. ఎందుకంటే ఈ మూడు లోపాలూ మూడు వేర్వేరు చోట్ల పుడతాయి. మీ ముందున్న మార్గాల్లో ప్రతిదీ వాటిలో కొన్నింటినే నయం చేస్తుంది. గాలిలో, అంటే రేడియో సంకేతాల రద్దీలో, ఉన్న ఇబ్బందికి కొత్త కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) పనికిరాదు. చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, లోపానికి వైఫై రూటర్ జరిపినా ఫలితం ఉండదు. కాబట్టి ఎంపికల పోలికకు ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. దానికి ఒక సాయంత్రం చాలు, పైసా ఖర్చు లేదు.

లోపం ఎక్కడ?

ఈ కాలపు ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ సాధారణంగా ఒకే చిన్న కార్డు మీద ఉంటాయి. కార్డు ఒకటే అయినా దారులు వేరు. వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీదుగా నడిస్తే, బ్లూటూత్ చాలా కార్డుల్లో మదర్‌బోర్డు లోపలి యూఎస్‌బీ మీదుగా నడుస్తుంది. వైఫై చక్కగా పని చేస్తూనే బ్లూటూత్ ఒక్కటే మాయమవడానికి కారణం ఇదే. చిప్‌కు విద్యుత్ అందగానే కెర్నల్ దానిలోకి ఫర్మ్‌వేర్ ఎక్కిస్తుంది. బీటీయూఎస్‌బీ అనే డ్రైవర్ దానితో మాట్లాడుతుంది. ఆ పైన బ్లూజీ ఉంటుంది, 2001లో 2.4.6 కెర్నల్‌తో లినక్స్‌లో చేరిన బ్లూటూత్ వ్యవస్థ ఇదే. అన్నింటికంటే పైన శబ్దం సంగతి చూసే పైప్‌వైర్, పాత డిస్ట్రోల్లో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల్లో) అయితే పల్స్‌ఆడియో.

అడాప్టరే కనిపించకపోతే మొదట టెర్మినల్‌లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ ఇవ్వండి. సాఫ్ట్ బ్లాక్ పక్కన ‘యెస్’ అని ఉంటే ఎవరో, ఏదో సాఫ్ట్‌వేర్ నుంచి ఆపారన్నమాట. ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్’ తో తెరుచుకుంటుంది. హార్డ్ బ్లాక్ అని ఉంటే కీబోర్డు మీది మీటనో, పక్కనున్న చిన్న స్విచ్‌నో, ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్‌లోని సెట్టింగునో చూడాలి. రెండూ లేకపోతే అసలు సాక్షి కెర్నల్ లాగ్. ‘డీమెస్గ్’ ఇచ్చి అందులో బ్లూటూత్ అన్న మాట ఉన్న వరుసలు మాత్రమే వెతకండి. ఫర్మ్‌వేర్ ఫైలు పేరు చెప్పి, చివర -2 అని ముగిసే వరుస ఉంటే ఆ ఫైలు మీ డిస్కులో లేదని అర్థం. టీఎక్స్ టైమౌట్ అనే మాట, లేదా చివర -110 ఉంటే కెర్నల్ ఆజ్ఞ పంపింది, చిప్ గడువులోగా బదులివ్వలేదు. ఈ రెండు అంకెల తేడా చాలా ముఖ్యం. మొదటిది ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే తీరే సమస్య. రెండోది చిప్ బిగుసుకుపోవడం వల్లనో, విద్యుత్ ఆదా వల్లనో, డ్రైవర్ లోపం వల్లనో, నిజంగానే కార్డు పాడవడం వల్లనో రావచ్చు.

కనిపించి, పని చేసి, స్లీప్ తరువాతనో కాసేపు ఖాళీగా ఉన్న తరువాతనో పోతుంటే అది విద్యుత్ ఆదాకు సంబంధించినది. ఎప్పుడూ కలిసే ఉండి శబ్దం మాత్రం చిట్లుతుంటే, మౌస్ ఆగి ఆగి గెంతుతుంటే అనుమానించాల్సింది గాలినే. పాట బాగా వినిపించి, వీడియో కాల్ మొదలుకాగానే పాత టెలిఫోన్‌లా మారిపోతే అసలు అది లోపమే కాదు. దాని గురించి కింద విడిగా చెబుతాను. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉండి, ఇటు పెయిర్ చేస్తే అటు, అటు చేస్తే ఇటు తెగిపోతుంటే అది తాళంచెవి తగాదా. రెండు సిస్టమ్‌లూ ఒకే అడాప్టర్ చిరునామాతో పరిచయం చేసుకుంటాయి కనుక, హెడ్‌ఫోన్ దగ్గర చివరిగా పెయిర్ చేసిన సిస్టమ్ కీ ఒక్కటే మిగులుతుంది. విండోస్ రిజిస్ట్రీలో ఉన్న ఆ కీని తెచ్చి, లినక్స్‌లో వార్ డైరెక్టరీ కింద లిబ్‌లో ఉన్న బ్లూటూత్ ఫోల్డర్‌లో, ఆ పరికరం పేరిట ఉన్న ఇన్ఫో ఫైలులో పెడితే తగాదా తీరుతుంది. దీనికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

ఇంకో రెండు పరీక్షలు చేయండి. అదే హెడ్‌ఫోన్‌ను అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని ఫోనుకు కలిపి అరగంట వినండి. అక్కడా తెగితే ల్యాప్‌టాప్‌ను నిందించకండి. తరువాత ల్యాప్‌టాప్‌లో వైఫైని పూర్తిగా ఆపి, డిస్కులో ఉన్న పాట ఒకటి వినండి. అప్పటికప్పుడు చిట్లడం ఆగిపోయిందంటే దోషి దొరికినట్లే.

మొదటి మార్గం: ఉన్నదాన్నే సరిదిద్దుకోవడం

అందరూ దీనితోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఉచితం కాబట్టి మాత్రమే ఇలా అనడం లేదు. ఇక్కడ తెలుసుకున్నది మిగతా మార్గాలన్నింటిలోనూ పనికొస్తుంది.

మొదట పూర్తిగా షట్‌డౌన్ చేయండి. రీస్టార్ట్ చాలదు. రీస్టార్ట్‌లో కార్డుకు విద్యుత్ ఆగకపోవచ్చు, చిప్ ఏ స్థితిలో బిగుసుకుందో ఆ స్థితిలోనే కొత్త బూట్‌లోకి వస్తుంది. ఛార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, కొన్ని నిమిషాలు వదిలేసి ఆన్ చేయండి. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే అక్కడి ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి. అది షట్‌డౌన్‌ను నిజమైన షట్‌డౌన్ కానివ్వదు. టైమౌట్ వరుసలు ఈ ఒక్క పనితో పోయి మళ్లీ రాకపోతే మీకు ఈ వ్యాసంతో పని ముగిసినట్లే.

ఫర్మ్‌వేర్ కొరత డెబియన్‌లో ఎక్కువగా ఎదురయ్యేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను కూడా ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. అంతకు ముందు నుంచి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చిన సిస్టమ్‌లలో మాత్రం ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు దొరికే రిపాజిటరీ జాబితాలో లేకుండా పోవచ్చు. కార్డు ఇంటెల్‌దా, రియల్‌టెక్‌దా, మీడియాటెక్‌దా చూసి దానికి తగిన ప్యాకేజీ వేసుకోవాలి. ఫెడోరా, ఉబుంటు, ఆర్చ్‌లలో లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీని తాజాగా ఉంచితే చాలావరకు సరిపోతుంది. పాత బ్రాడ్‌కామ్ చిప్‌లది వేరే కథ. వాటిలో చాలావాటి ఫైళ్లు డిస్ట్రోల్లో దొరకవు. మీ లాగ్‌లో హెచ్‌సీడీ అనే పొడిగింపుతో ఫైలు అడుగుతుంటే సమయం ఎక్కువ పెట్టకుండా నేరుగా మూడో మార్గానికో నాలుగో మార్గానికో వెళ్లండి.

ఇక విద్యుత్ ఆదా. లోపలి యూఎస్‌బీ మీద ఉంది కనుక బ్లూటూత్ చిప్‌కు కూడా యూఎస్‌బీ నిద్ర నియమాలే వర్తిస్తాయి. కెర్నల్‌లో దాని సాధారణ గడువు 2 సెకన్లు. రెండు సెకన్లు పని లేకపోతే పడుకోవచ్చు. మంచి చిప్ పిలవగానే లేస్తుంది, కొన్ని లేవవు. డ్రైవర్ల సెట్టింగులు ఉండే మోడ్‌ప్రోబ్ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు పెట్టి, బీటీయూఎస్‌బీ మాడ్యూల్‌కు, అంటే పైన చెప్పిన డ్రైవర్‌కే, ఎనేబుల్ అండర్‌స్కోర్ ఆటోసస్పెండ్ విలువను ‘ఎన్’ అని ఇస్తే ఆ నిద్ర ఆగుతుంది. బ్యాటరీ ఆదాకు టీఎల్‌పీ వాడేవారు ఇది చేసినా ఫలితం కనిపించకపోవచ్చు, ఎందుకంటే టీఎల్‌పీ తన నియమాన్ని పైనుంచి మళ్లీ రుద్దుతుంది. దాని కాన్ఫిగరేషన్‌లో బ్లూటూత్‌ను యూఎస్‌బీ నిద్ర నుంచి మినహాయించే వరుస ఒకటి ఉంది. దాన్ని 1 చేయాలి. బ్యాటరీ మీద పడే భారం స్వల్పం, దానికి బదులుగా దక్కే నిలకడ చాలా పెద్దది. మూత తెరిచాక మాత్రమే బ్లూటూత్ పోతుంటే బీటీయూఎస్‌బీ మాడ్యూల్‌ను తీసేసి మళ్లీ ఎక్కించి చూడండి. అలా చేస్తే బతుకుతోందంటే స్లీప్ నుంచి లేవగానే ఆ పని తనంతట తానే చేసే చిన్న స్క్రిప్టును, లినక్స్‌లో ఇలాంటి పనులను నడిపించే సిస్టమ్‌డీకి అప్పగించవచ్చు. అందమైన పరిష్కారం కాకపోయినా నమ్మదగినది.

గాలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే లినక్స్ మీద పడే నిందలో పెద్ద భాగం దీనిదే. బ్లూటూత్ 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలో పని చేస్తుంది. క్లాసిక్ బ్లూటూత్ దాన్ని 79 చానళ్లుగా విభజించి, సెకనుకు 1600 సార్లు చానల్ మారుతూ మాట్లాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే అందులో 20 మెగాహెర్ట్జ్ మేర ఆక్రమించి కూర్చుంటుంది. 1.2 వెర్షన్ నుంచి బ్లూటూత్ రద్దీ చానళ్లను గుర్తించి తప్పించుకోవడం నేర్చుకుంది. కానీ చుట్టూ వైఫైలు నిండిపోయిన చోట తప్పించుకునేందుకు చోటే మిగలదు. మీ ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చడం ఇక్కడ అన్నింటికంటే మేలైన మందు. దాని పక్కనే యూఎస్‌బీ 3 గొడవ ఉంది. యూఎస్‌బీ 3 వేగపు సంకేతాలు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో రొద వెదజల్లుతాయని ఇంటెల్ 2012లోనే కొలతలతో ప్రకటించింది. బయటి హార్డ్ డిస్క్ కాపీ అవుతున్నప్పుడే మౌస్ గెంతుతుంటే డిస్కును అవతలి వైపు పోర్టుకు మార్చండి, లేదా మంచి కవచమున్న కేబుల్ వాడండి.

శబ్దమే చిట్లుతుంటే కోడెక్, అంటే శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి, కూడా చూడండి. ఎల్‌డాక్ గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు అడుగుతుంది. సాధారణ ఎస్‌బీసీకి మంచి నాణ్యతలోనూ సుమారు 328 చాలు. గాలి బాగాలేని చోట ఎల్‌డాక్ పట్టుకుని వేలాడడంలో అర్థం లేదు. శబ్దం సెట్టింగుల్లో ఎస్‌బీసీ లేదా ఏఏసీ ఎంచుకోండి.

ఇంటర్నెట్‌లో తరచూ తిరిగే సలహా ఒకటుంది: ఇంటెల్ వైఫై డ్రైవర్‌లో బ్లూటూత్ సహజీవనాన్ని ఆపేయమని. వైఫై, బ్లూటూత్ ఒకే యాంటెన్నాను వంతులవారీగా పంచుకునేందుకు ఉన్న ఒప్పందం అది. దాన్ని ఆపితే వైఫై వేగం పెరిగినట్లు అనిపించవచ్చు, బ్లూటూత్ మాత్రం సాధారణంగా ఇంకా పాడవుతుంది. ముట్టుకోకండి.

కాల్ మొదలుకాగానే శబ్దం నాసిరకమయ్యే విషయం. పాటలు ఏ2డీపీ అనే పద్ధతిలో వస్తాయి: స్టీరియో, కానీ ఒకవైపే. మైకు కావాలంటే హెచ్‌ఎఫ్‌పీకి మారాలి: రెండు వైపులా నడుస్తుంది, కానీ మోనో. అందులో పాత సీవీఎస్‌డీ కోడెక్ శబ్దపు నమూనాలను 8 కిలోహెర్ట్జ్‌తో, ఎంఎస్‌బీసీ కోడెక్ 16తో పంపుతాయి. క్లాసిక్ బ్లూటూత్ పద్ధతే ఇది, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఇంతే. పరిష్కారం సులభం: మాట్లాడేందుకు ల్యాప్‌టాప్ మైకును ఎంచుకోండి, వినేందుకు హెడ్‌ఫోన్. పైప్‌వైర్‌ను నడిపించే వైర్‌ప్లంబర్‌లో హెడ్‌సెట్ ప్రొఫైల్‌కు (అంటే హెచ్‌ఎఫ్‌పీకి) తనంతట తానే మారే సెట్టింగును ఆపేస్తే ఏ అప్లికేషన్ మైకు తెరిచినా శబ్దం చెడదు. ఈ ఒక్క కారణంతో డాంగిల్ కొనేవారికి నిరాశ తప్పదు, మామూలు డాంగిల్‌లోనూ ఇదే జరుగుతుంది.

రెండో మార్గం: కెర్నల్ లేదా డిస్ట్రో మార్చడం

ల్యాప్‌టాప్ కొత్తది, డిస్ట్రో పాతది అయితే ఇది బాగా పని చేస్తుంది. కొత్త చిప్‌ల గుర్తింపు సంఖ్యలు బీటీయూఎస్‌బీ డ్రైవర్‌లో చేరుతూనే ఉంటాయి. మీ కెర్నల్ వచ్చాక తయారైన కార్డును ఆ కెర్నల్ పోల్చుకోలేదు. ల్యాప్‌టాప్ పాతదై, నిరుటి వరకు బాగా నడిచి ఇప్పుడు చెడిపోతే మాత్రం డిస్ట్రో మార్చి లాభపడేది తక్కువ.

ఇన్‌స్టాల్ చేయకముందే పరీక్షించే వీలుండటం ఈ మార్గంలోని గొప్ప సౌకర్యం. తాజా ఫెడోరానో, తాజా ఉబుంటునో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, లైవ్‌గా బూట్ చేసి, హెడ్‌ఫోన్ పెయిర్ చేసి, ఒక్కసారి స్లీప్‌లోకి పంపి లేపండి. అక్కడ నిలకడగా ఉంటే కార్డు బాగానే ఉన్నట్లు. అక్కడా అదే టైమౌట్ వస్తే డిస్ట్రో మార్చే శ్రమ మానుకోండి. బాగుందని తేలాక కూడా మొత్తం మార్చడం చివరి మాటే. ఉబుంటు దీర్ఘకాల వెర్షన్‌లో కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్, డెబియన్‌లో బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్ ఉన్నాయి. వాటితో పాటు ఫర్మ్‌వేర్ ప్యాకేజీ కూడా కొత్తది కావాలన్నది మరవకండి.

శబ్దపు ఇబ్బందులకు డిస్ట్రో వయసు ఇంకో రకంగా ముఖ్యం. ఫెడోరా 2021లో వచ్చిన 34వ వెర్షన్ నుంచి, ఉబుంటు 22.10 నుంచి పైప్‌వైర్‌కు మారాయి. అంతకు ముందటి పల్స్‌ఆడియోలో 15.0 వెర్షన్ వచ్చే వరకు ఎల్‌డాక్, ఆప్ట్‌ఎక్స్ గానీ, కాల్స్‌కు ఎంఎస్‌బీసీ గానీ లేవు. కాల్స్‌లో మీ గొంతు బావిలోంచి వచ్చినట్లు ఉందని అవతలివారు అంటుంటే, మీరు ఇంకా ఆ పాత పల్స్‌ఆడియో మీదే ఉంటే, మార్చడం సబబే.

మూడో మార్గం: లోపలి కార్డు మార్చడం

చిప్పే బలహీనమైనది అయితే నాకు అన్నింటికంటే నచ్చే మార్గం ఇదే. ఒక్కసారి చేస్తే వైఫై, బ్లూటూత్ రెండూ బాగుపడతాయి. బయటికి ఏదీ పొడుచుకుని ఉండదు, యూఎస్‌బీ పోర్టు ఖర్చవదు, మూతలో ఉన్న అసలు యాంటెన్నాలే వాడుకుంటుంది. ఏ చిన్న డాంగిల్‌కూ అంత మంచి యాంటెన్నా ఉండదు.

మీ ల్యాప్‌టాప్‌కు అది సాధ్యమా అన్నది ముందు చూడాలి. చాలా సన్నని ల్యాప్‌టాప్‌లలో ఈ చిప్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. అలాంటప్పుడు ఈ మార్గం మూసుకుపోయినట్లే. స్లాట్ ఉంటే అది సాధారణంగా ఎం.2 2230 కొలత, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో బయోస్ తన జాబితాలో లేని కార్డును ఒప్పుకోదు, బూటే కానివ్వదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చదివితే ఇవన్నీ తెలుస్తాయి.

కార్డు ఎంపికలో జనం ఎక్కువగా తడబడేది ఒక్క అంకె దగ్గర. ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో కూడా పని చేస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 చూడ్డానికి వాటిలాగే ఉంటాయి కానీ అవి సీఎన్‌వీఐ రకం. కార్డు పనిలో కొంత భాగాన్ని ఇంటెల్ చిప్‌సెట్ తన లోపల చేసిపెడుతుందన్న లెక్కతో తయారైనవి. తగిన ఇంటెల్ ప్లాట్‌ఫారం లేని ల్యాప్‌టాప్‌లో అవి పని చేయవు. చివరి అంకె 1 అయితే రెండుసార్లు ఆలోచించి కొనండి. ఏఎక్స్210కు కెర్నల్ కనీసం 5.10 ఉండాలి, ఇప్పుడు దాదాపు అందరికీ ఉండేదే.

బిగించేటప్పుడు ఒక చోట ఓపిక కావాలి. బ్యాటరీ కనెక్టర్ తీసేశాక కార్డు మీద రెండు సన్నని తీగలు కనిపిస్తాయి. వాటి చివర్లలో చిటికెన వేలి గోరులో నాలుగో వంతు కూడా లేని గుండ్రని లోహపు టోపీలు ఉంటాయి. వాటిని పక్కకు లాగకూడదు, నిటారుగా పైకి తీయాలి. కొత్త కార్డు మీద పెట్టేటప్పుడు మొదట టోపీని గుండీ మీద సరిగ్గా కూర్చోబెట్టి, వేలితో అటూ ఇటూ కదిపి చూసి, కూర్చుందని తెలిశాకే నొక్కాలి. చిన్న ‘టక్’ శబ్దం వస్తుంది. రానిదే బలంగా నొక్కితే గుండీ వంగిపోతుంది. చాలా కార్డుల్లో బ్లూటూత్ ఆ రెండింటిలో ఒక యాంటెన్నానే వాడుకుంటుంది. ఆ ఒక్క తీగ ఊడితే వైఫై రెండోదానితో కుంటుకుంటూ నడుస్తుంది, బ్లూటూత్ మాత్రం రెండు అడుగులు దాటితే తెగిపోతుంది. కాబట్టి ల్యాప్‌టాప్ ఎప్పుడైనా విప్పి బిగించిన తరువాత బ్లూటూత్ చెడి ఉంటే, కొత్త కార్డు కొనే ముందు ఈ టోపీలు సరిగ్గా ఉన్నాయేమో చూడండి. ఇంత నమ్మకంగా నయమయ్యే లోపం ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి లేదు.

నాలుగో మార్గం: యూఎస్‌బీ బ్లూటూత్ డాంగిల్

కార్డు అతికించి ఉన్నవారికి, ల్యాప్‌టాప్ విప్పే ధైర్యం లేనివారికి, ఆఫీసు ఇచ్చిన యంత్రం వాడేవారికి ఇది సరైన దారి. కానీ పెట్టె మీది వెర్షన్ సంఖ్య చూసి కొనకండి. బ్లూటూత్ 5.0 అయినా 5.3 అయినా మీ హెడ్‌ఫోన్ పాటలు వచ్చేది ఎక్కువగా పాత క్లాసిక్ దారిలోనే. చూడాల్సింది లోపలి చిప్.

సీఎస్‌ఆర్ 8510 అనేది బ్లూటూత్ 4.0 కాలపు చిప్, అసలుది అయితే లినక్స్‌లో ఏ ఫర్మ్‌వేరూ అడగకుండా పెట్టగానే పని చేస్తుంది. అసలుది దొరకడమే కష్టం. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఇస్తే 0ఏ12:0001 అనే గుర్తింపుతో కనిపించేవాటిలో నకళ్లు చాలా ఎక్కువ. ఎంత ఎక్కువంటే కెర్నల్ డ్రైవర్‌లోనే వాటిని కనిపెట్టి సర్దుబాట్లు చేసే కోడ్ ఉంది. అలాంటిది దొరికితే పేరులేని సీఎస్‌ఆర్ నకలు అని లాగ్‌లో రాస్తుంది. ఆ వరుస కనిపిస్తే వెంటనే తిరిగి ఇచ్చేయండి. కొన్ని నకళ్లు నడుస్తాయి, కొన్ని వారం నడిచి మొండికేస్తాయి. వాటితో పోరాడే సమయం వాటి విలువకంటే ఎక్కువ.

రియల్‌టెక్ ఆర్‌టీఎల్8761బీ కుటుంబపు చిప్ ఉన్నవి ఇప్పుడు లినక్స్‌లో మేలైన ఎంపిక. గుర్తింపు సంఖ్య తరచూ 0బీడీఏతో మొదలవుతుంది. ఫర్మ్‌వేర్ ఫైలు లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో ఉంది, కెర్నల్ మాత్రం మరీ పాతది కాకూడదు. కొనే ముందు చిప్ పేరు రాయని వస్తువును పక్కన పెట్టండి. లినక్స్ డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోమని చెప్పేవాటినీ వదిలేయండి. కెర్నల్‌లో లేని డ్రైవర్ తరువాతి కెర్నల్ అప్‌డేట్‌కు తెగిపోయే అవకాశం ఎక్కువ.

పెట్టాక రెండు పనులు చేయాలి. లోపలి అడాప్టర్‌ను బయోస్‌లో ఆపడం మొదటిది. అక్కడ వీలు లేకపోతే పరికరాలను గుర్తించి సర్దే యూడెవ్‌కు దాని గుర్తింపు సంఖ్యతో నియమం రాసి ఆపవచ్చు. రెండూ తెరిచి ఉంచితే ఏ పరికరం ఏ అడాప్టర్‌కు కలుస్తోందో మీకే తెలియని గందరగోళం మొదలవుతుంది. పెయిరింగ్ ఒక్కో అడాప్టర్‌కు విడిగా ఉంటుంది కనుక మౌస్, హెడ్‌ఫోన్ అన్నింటినీ కొత్తగా పెయిర్ చేయాలి. డాంగిల్‌ను యూఎస్‌బీ 3 పోర్టుకు, ముఖ్యంగా హార్డ్ డిస్క్ పక్కన, నేరుగా గుచ్చకపోవడం రెండోది. చిన్న యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ తీగతో ఒక జానెడు దూరంగా పెడితే వచ్చే తేడా చాలాసార్లు డాంగిల్ మార్చినా రాదు.

ఇంకో సంగతి తప్పక గుర్తుంచుకోండి: డాంగిల్ కూడా అదే బీటీయూఎస్‌బీ, అదే బ్లూజీ, అదే పైప్‌వైర్ మీదే నడుస్తుంది. లోపం వాటిలో ఉంటే డాంగిల్ దాన్ని వెంటబెట్టుకుని వస్తుంది.

ఐదో మార్గం: యూఎస్‌బీ ఆడియో ట్రాన్స్‌మిటర్

చూడ్డానికి డాంగిల్‌లాగే ఉంటుంది, పనిలో పూర్తిగా వేరు. ఇది ల్యాప్‌టాప్‌కు తాను బ్లూటూత్ అని చెప్పదు, మామూలు యూఎస్‌బీ సౌండ్‌కార్డుగా పరిచయం చేసుకుంటుంది. పెయిర్ చేయడం, కోడెక్ ఎంచుకోవడం అన్నీ తన లోపలే, తన బొత్తాంతోనే. అంటే పైన చెప్పిన డ్రైవర్, బ్లూజీ, ఫర్మ్‌వేర్ మెట్లన్నీ ఒక్క దెబ్బతో దాటేయవచ్చు. లినక్స్‌కు యూఎస్‌బీ సౌండ్‌కార్డు అంటే ఎప్పటినుంచో బాగా తెలిసిన వస్తువు.

ఇంత మంచి మార్గం గురించి తక్కువమందికి తెలియడం నాకు బాధగా ఉంటుంది. రోజంతా హెడ్‌ఫోన్లే వాడి, బ్లూటూత్ మౌస్, కీబోర్డు లేనివారికి నేను మొదట చెప్పేది ఇదే. పరిమితులు స్పష్టం: మౌస్ కలవదు, ఫోను నుంచి ఫైళ్లు రావు, కొన్ని రకాల్లో మైకు అసలు పని చేయదు. కాల్స్ కోసం కొంటే మైకు గురించి పెట్టె మీద విడిగా రాసి ఉందో లేదో చూడండి. గాలి రద్దీ మాత్రం దీనికీ తప్పదు.

ఆరో మార్గం: బ్లూటూత్‌నే వదిలేయడం

మౌస్, కీబోర్డుల విషయంలో సొంత రిసీవర్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రకం నిజంగా మేలు. సిస్టమ్‌కు అది యూఎస్‌బీ మౌస్‌లాగే కనిపిస్తుంది, బయోస్‌లోనూ, డిస్క్ పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరా పని చేస్తుంది. బ్లూటూత్ కీబోర్డు ఆ దశలో సాధారణంగా పని చేయదు. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవారికి ఈ ఒక్క కారణం చాలు. లాజిటెక్ రిసీవర్లకైతే సొలార్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాం ఉంది. పెయిర్ చేయడం, బ్యాటరీ చూడటం దానితో అవుతాయి. హెడ్‌ఫోన్లకు తీగ సంగతి అందరికీ తెలిసిందే. రికార్డింగ్‌కు, సంగీతం వాయించడానికి ఆలస్యం లేని తీగే సరి.

ఎవరు ఏది తీసుకోవాలి

చిట్లే శబ్దం వైఫై ఆపగానే పోతే ఏమీ కొనకండి, 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. స్లీప్ తరువాత మాత్రమే పోతే విద్యుత్ ఆదా మార్పులు, అవి చాలకపోతే స్క్రిప్టు. లైవ్ పెన్‌డ్రైవ్‌లో బాగుండి మీ సిస్టమ్‌లో పోతే కొత్త కెర్నల్. లైవ్‌లోనూ టైమౌట్ వస్తే కార్డు: స్లాట్ ఉంటే మార్చండి, లేకపోతే రియల్‌టెక్ డాంగిల్. మీకు కావాల్సింది శబ్దం ఒక్కటే అయితే ట్రాన్స్‌మిటర్‌ను డాంగిల్ కంటే ముందు పరిశీలించండి.

ఇవేవీ కాకుండా ఆగడం కూడా ఒక ఎంపికే. నిన్నటి అప్‌డేట్‌తోనే చెడిపోయి ఉంటే, ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ అనే బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని బూట్ చేయండి. దానిలో బాగుంటే మీ కార్డుకు ఏమీ కాలేదు, కొత్త కెర్నల్‌లోనో దానితో వచ్చిన ఫర్మ్‌వేర్‌లోనో తప్పు దొర్లింది. పాతదానిలోనే కొనసాగుతూ మీ డిస్ట్రోకు ఫిర్యాదు రాయండి. ఏ కెర్నల్‌లో బాగుంది, ఏ కెర్నల్‌లో చెడింది, ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’లో కనిపించే గుర్తింపు సంఖ్య, డీమెస్గ్‌లోని బ్లూటూత్ వరుసలు, వీలైతే తెగిన క్షణాన, బ్లూటూత్ సంభాషణను నమోదు చేసే ‘బీటీమాన్’ పట్టిన రికార్డు జతచేయండి. ఆ రికార్డులో మీ పరికరాల చిరునామాలు ఉంటాయి, మీరు టైప్ చేసినవి కూడా ఉండవచ్చు. అందుకని దాన్ని తీసేటప్పుడు బ్లూటూత్ కీబోర్డు మీద పాస్‌వర్డులు కొట్టకండి.